కు క్లక్స్ క్లాన్: ఒకే పేరుతో మూడు సంస్థలు

అమెరికాలో జాతి విద్వేష దాడి జరిగిన ప్రతిసారీ కు క్లక్స్ క్లాన్ పేరు వార్తల్లోకి వస్తుంది. తెల్ల ముసుగులు, మండే శిలువ, నూటయాభై ఏళ్లుగా తెగకుండా నడుస్తున్న రహస్య సైన్యం. ఎక్కువమంది మనసులో ఉన్న బొమ్మ ఇదే. ఇందులో చాలా భాగం తప్పు. శిలువ తగలబెట్టడం మొదటి క్లాన్‌కు తెలియని తంతు. అందరికీ ఒకే తీరు తెల్ల అంగీ 1920ల్లో అట్లాంటాలో కుట్టించి సభ్యులకు అమ్మిన సరుకు. ఇక తెగకుండా నడిచిన సంస్థంటూ ఏదీ లేదు.

క్లుప్తంగా

క్లాన్ మూడుసార్లు పుట్టింది. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాదిలో 1866 ప్రాంతంలో ఒకసారి, అట్లాంటా దగ్గర 1915లో రెండోసారి, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మూడోసారి. పేరు, బిరుదులు ఒకటే అయినా నడిపినవాళ్లు, డబ్బు వచ్చిన దారి, ఎంచుకున్న శత్రువులు వేరు. మూడు విడతల్లోనూ కనిపించేది ఒకటుంది: షెరీఫ్ (స్థానిక పోలీసు అధిపతి), జ్యూరీ, శాసనసభ చూసీ చూడనట్టు ఊరుకున్న చోటే అది బలిసింది. మొదటిది సైన్యంతో, కేంద్రం పెట్టిన కేసులతో అణిగింది. రెండోది సొంత నాయకుల నేరాలతో కూలి, పన్ను బకాయితో మూతపడింది. మూడోదాన్ని పోలీసు వేగులు, సివిల్ దావాలు కలిసి చీల్చాయి.

పులాస్కీలో ఆరుగురు

టెనెసీ రాష్ట్రంలో, అలబామా సరిహద్దుకు దగ్గర్లో పులాస్కీ అనే చిన్న పట్టణం ఉంది. 1865 డిసెంబరుకూ 1866 వేసవికీ మధ్య అక్కడ ఒక న్యాయవాది ఆఫీసులో ఆరుగురు కుర్రాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. అందరూ ఓడిన కాన్ఫెడరేట్ (దక్షిణాది) సైన్యంలో పనిచేసి ఇంటికి తిరిగొచ్చినవాళ్లే. వింత వేషాలు, వింత బిరుదులు, రాత్రిపూట ఊళ్లో గుర్రాల మీద తిరగడం. అదంతా సరదాకేనని తర్వాత వాళ్లూ, వాళ్లను వెనకేసుకొచ్చినవాళ్లూ చెప్పుకున్నారు. సరదా అన్నమాట నిజమే అనుకున్నా అది కొన్ని నెలల ముచ్చట.

ఎందుకంటే అప్పటి దక్షిణాది సరదాగా లేదు. 13వ రాజ్యాంగ సవరణతో సుమారు 40 లక్షల మంది బానిసత్వం నుంచి బయటపడ్డారు. పత్తి తోటల యజమానులకు భూమి మిగిలింది, చెప్పినట్టు చేసే కూలీ పోయాడు. మిసిసిపీ, సౌత్ కరోలినా రాష్ట్రాలు 1865లోనే కొత్త చట్టాలు తెచ్చాయి. మిసిసిపీ చట్టం ప్రకారం కూలి ఒప్పందం కాగితం చూపించలేని నల్లజాతి మనిషి దిమ్మరి కింద లెక్క. అతన్ని అరెస్టు చేయొచ్చు, జరిమానా వేయొచ్చు. కట్టలేకపోతే, కట్టినవాడి దగ్గరికి పనికి పంపొచ్చు. దీన్ని కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 1867 మార్చిలో చేసిన పునర్నిర్మాణ చట్టాలు పది దక్షిణాది రాష్ట్రాలను ఐదు సైనిక జిల్లాలుగా విడగొట్టి, కొత్త రాజ్యాంగాల కోసం జరిగే ఎన్నికల్లో నల్లజాతి పురుషులకు ఓటిచ్చాయి.

ఆ తర్వాతి నెలలోనే, ఏప్రిల్‌లో, నాష్‌విల్‌లో క్లాన్ సమావేశమైంది. అక్కడ దానికి ఒక నియమావళి వచ్చింది. దక్షిణాది మొత్తం ‘సామ్రాజ్యం’, దాని అధిపతి గ్రాండ్ విజర్డ్. రాష్ట్రానికి గ్రాండ్ డ్రాగన్, కాంగ్రెస్ నియోజకవర్గానికి గ్రాండ్ టైటన్, కౌంటీకి (మన జిల్లా లాంటిది) గ్రాండ్ జెయింట్, అట్టడుగున ఊరి స్థాయిలో ఉండే ‘డెన్’కు గ్రాండ్ సైక్లాప్స్. గ్రాండ్ విజర్డ్‌గా వచ్చినవాడు నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్. యుద్ధానికి ముందు మెంఫిస్‌లో బానిసల వ్యాపారి, యుద్ధంలో అశ్వికదళ జనరల్. 1864 ఏప్రిల్‌లో ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోతున్న నల్లజాతి సైనికులను ఊచకోత కోసింది ఇతని దళమే.

కాగితం మీద ఇదొక సైన్యం. నేల మీద మాత్రం ఏ డెన్ ఆ డెన్‌దే పెత్తనం. 1869 జనవరిలో ఫారెస్ట్ సంస్థను రద్దు చేస్తున్నానని ఉత్తర్వు ఇచ్చినా దాడులు ఆగకపోవడానికి కారణం అదే. 1871లో కాంగ్రెస్ విచారణ సంఘం ముందుకొచ్చి, తనకు ఆ సంస్థతో సంబంధమే లేదన్నాడు.

రాత్రి దాడి పద్ధతి

క్లాన్ దాడులను పిచ్చి ఆవేశంగా చూస్తే అసలు సంగతి అర్థం కాదు. వాటికో వరస ఉంది. మొదట తుపాకీ. ఇంట్లోకి జొరబడి ఆయుధం ఎక్కడుందో వెతికి లాక్కునేవారు. నల్లజాతి మిలీషియా (రాష్ట్ర ప్రభుత్వపు పౌర సాయుధ దళం) ఉన్న కౌంటీల్లో ఇది తప్పనిసరి తొలి మెట్టు. తర్వాత ప్రశ్నలు: ఎవరికి ఓటేశావు, యూనియన్ లీగ్ (నల్లజాతి ఓటర్లను అప్పట్లో వాళ్ల పక్షాన నిలిచిన రిపబ్లికన్ పార్టీ వైపు కూడగట్టిన సంఘం) సమావేశాలకు ఎవరెవరు వస్తారు. ఆ తర్వాత కొరడా. చివర్లో షరతు. నాయకుడనుకున్నవాడికి షరతు దాకా వెళ్లే అవకాశం కూడా ఉండేది కాదు. సౌత్ కరోలినాలోని యార్క్ కౌంటీలో మిలీషియా కెప్టెన్ జిమ్ విలియమ్స్‌ను 1871 మార్చిలో చెట్టుకు ఉరేశారు.

అదే కౌంటీలో ఎలియాస్ హిల్ అనే బాప్టిస్టు బోధకుడు ఉండేవాడు. చిన్నప్పుడే కాళ్లూ చేతులూ చచ్చుబడి, ఎవరైనా ఎత్తుకుంటే తప్ప కదల్లేని మనిషి. పిల్లలకు చదువు చెప్పేవాడు, ఊరివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. 1871 మేలో అతన్ని ఇంటి ముందు వాకిట్లోకి ఈడ్చి కొరడాతో కొట్టారు. తర్వాత విచారణ సంఘం ముందు అతను చెప్పిన షరతులు చూడండి: రిపబ్లికన్ పార్టీని వదులుకుంటున్నట్టు పత్రికలో ప్రకటన వేయించాలి, చార్లెస్టన్ నుంచి తెప్పించుకుంటున్న రిపబ్లికన్ పత్రిక మానేయాలి, బోధన ఆపాలి. కొట్టినవాళ్లకు ఏం కావాలో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం. ఆ ఏడాది చివర్లో హిల్ తన ప్రాంతం వాళ్లతో కలిసి లైబీరియాకు వెళ్లిపోయాడు.

ముసుగు వేసుకున్నది దెయ్యాలనుకుని జనం జడుసుకోవాలనేనన్న కథ క్లాన్‌వాళ్లు పుట్టించిందే. బాధితుల వాంగ్మూలాల్లో ఆ భ్రమ పెద్దగా కనిపించదు. గొంతును బట్టి, గుర్రాన్ని బట్టి, నడకను బట్టి ఎవరెవరో పేర్లతో సహా చెప్పారు. చాలాసార్లు వాళ్లు పక్క పొలం ఆసాములే. చిక్కంతా ఆ తర్వాత మొదలయ్యేది. ఫిర్యాదు తీసుకోవాల్సిన షెరీఫే ఒక్కోచోట డెన్ సభ్యుడు. ‘ఆ రాత్రి వాడు నాతోనే ఉన్నాడు’ అని ప్రమాణం చేసేవాడూ సభ్యుడే, తీర్పు చెప్పే జ్యూరీలోనూ సభ్యులే. కంచే చేను మేస్తున్నప్పుడు సాక్ష్యం ఎంత బలంగా ఉన్నా అక్కరకు రాదు.

ఓట్లలో కనిపించిన భయం

1868 ఏప్రిల్‌లో జార్జియా గవర్నర్ ఎన్నిక జరిగింది. ఆ రాష్ట్రంలోని కొలంబియా కౌంటీలో రిపబ్లికన్ అభ్యర్థికి 1,222 ఓట్లు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి గ్రాంట్‌కు అక్కడ పడినది ఒకే ఒక్క ఓటు. మధ్యలో జనాభా మారలేదు, అభిప్రాయాలూ మారలేదు. ఆ ఏడు నెలల్లో జరిగిందల్లా రాత్రి దాడులు. ఆ ఎన్నికకు ముందు, అక్టోబరులో, ఆర్కన్సా కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ హైండ్స్‌ను కాల్చి చంపారు. పదవిలో ఉండగా హత్యకు గురైన తొలి అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు ఆయనే.

రాష్ట్ర ప్రభుత్వం ఎదిరిస్తే ఏమవుతుందో నార్త్ కరోలినా చూపించింది. 1870 ఫిబ్రవరిలో అలమాన్స్ కౌంటీలో వైయట్ అవుట్‌లా అనే నల్లజాతి పోలీసు అధికారిని కోర్టు భవనం ముందున్న చెట్టుకే ఉరేశారు. మే నెలలో పక్కనున్న కాస్వెల్ కౌంటీలో జాన్ స్టీఫెన్స్ అనే రాష్ట్ర సెనేటర్‌ను కోర్టు భవనం లోపలే చంపారు. గవర్నర్ విలియమ్ హోల్డెన్ మిలీషియాను దింపి వందమంది దాకా అరెస్టు చేయించాడు. ఆగస్టు ఎన్నికల్లో ప్రత్యర్థులు గెలిచి, 1871 మార్చిలో ఆయన్నే అభిశంసించి పదవి నుంచి తొలగించారు. అమెరికాలో అలా పదవి పోగొట్టుకున్న మొదటి గవర్నర్ ఆయన. హంతకులకు శిక్ష పడలేదు.

కేంద్రం దిగినప్పుడు

ఈ దశలో పని చేసింది మూడు మార్పుల కలయిక. 1870 జులైలో కేంద్ర న్యాయశాఖ ఏర్పడింది. 1870 మే నుంచి 1871 ఏప్రిల్ మధ్య కాంగ్రెస్ నల్లజాతివాళ్ల ఓటు, పౌరహక్కులను కాపాడే మూడు అమలు చట్టాలు చేసింది. మూడోదానికి కు క్లక్స్ క్లాన్ చట్టమనే పేరు స్థిరపడింది. మూడో మార్పు, విచారణ రాష్ట్ర కోర్టుల నుంచి కేంద్ర కోర్టులకు మారింది. అంటే జ్యూరీ మారింది.

1871 అక్టోబరులో అధ్యక్షుడు గ్రాంట్ సౌత్ కరోలినాలోని తొమ్మిది కౌంటీల్లో హేబియస్ కార్పస్‌ను (నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు) నిలిపేశాడు. యార్క్ కౌంటీలో ఏడో అశ్వికదళానికి చెందిన మేజర్ లూయిస్ మెరిల్ నెలల తరబడి ముందుగానే పేర్లు, సాక్ష్యాలు పోగుచేసి పెట్టుకున్నాడు. ఉత్తర్వు రాగానే అరెస్టులు మొదలయ్యాయి. పెద్దమనుషులు రాష్ట్రం వదిలి పారిపోయారు, మామూలు సభ్యులు వరసకట్టి లొంగిపోయి తప్పొప్పుకున్నారు. నవంబరులో కొలంబియా నగరంలో విచారణలు మొదలయ్యేసరికి జ్యూరీలో ఎక్కువమంది నల్లజాతీయులే. కేసులు నడిపించిన అటార్నీ జనరల్ ఏమోస్ అకర్మన్ ఒకప్పుడు కాన్ఫెడరేట్ పక్షాన పనిచేసినవాడు కావడం చరిత్రలో ఒక వింత. ఏడాది తిరిగేసరికి సంస్థగా క్లాన్ నడుం విరిగింది.

అయితే శిక్షలు తేలిక. ప్రాసిక్యూటర్లు తక్కువ, పెండింగు కేసులు కొండలా పేరుకుపోయాయి. అకర్మన్ ఆ ఏడాది చివరికే పదవి వదలాల్సి వచ్చింది. 1873 నుంచి క్షమాభిక్షలు మొదలయ్యాయి.

క్లాన్ ఓడిపోయిందని ఇక్కడే చాలా పుస్తకాలు అధ్యాయం ముగిస్తాయి. అది పాక్షిక సత్యం. లూసియానాలో వైట్ లీగ్, సౌత్ కరోలినాలో రెడ్ షర్ట్స్ అదే పనిని ముసుగు లేకుండా పట్టపగలు కొనసాగించాయి. సుప్రీంకోర్టు 1876లో క్రూక్‌షాంక్ కేసులో, 1883లో హారిస్ కేసులో తేల్చిందేమిటంటే, అందరికీ చట్టం ముందు సమాన రక్షణ హామీ ఇచ్చే 14వ సవరణ రాష్ట్రాల చర్యలకే వర్తిస్తుంది, ప్రైవేటు గుంపు చేసిన హింసకు కాదు. 1877లో దక్షిణాదిలో మిగిలిన రిపబ్లికన్ ప్రభుత్వాలకు సైన్యం అండ తొలగింది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం ఓటుకు పన్ను, అక్షరాస్యత పరీక్ష పెట్టింది. కొరడా చేసిన పనిని చట్టం చేయడం మొదలుపెట్టాక క్లాన్ అవసరమే లేకుండా పోయింది. 1870ల నుంచి 1915 దాకా నలభై ఏళ్లు అది లేకపోవడాన్ని శాంతికి గుర్తుగా తీసుకోకూడదు.

పది డాలర్ల వ్యాపారం

1915 ఒక్క ఏడాదిలో జార్జియాలో కొన్ని విషయాలు కలిసొచ్చాయి. మొదటి క్లాన్‌ను వీరులుగా చూపించిన ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ మూకీ చిత్రం దేశమంతా ఆడింది. శిలువ తగలబెట్టే దృశ్యం ఆ చిత్రానికి ఆధారమైన 1905 నాటి నవల నుంచే వచ్చింది. ఆగస్టులో లియో ఫ్రాంక్ అనే యూదు ఫ్యాక్టరీ మేనేజరును గుంపు జైలు నుంచి లాక్కొచ్చి మరియెట్టాలో ఉరేసింది. నవంబరులో, థాంక్స్‌గివింగ్ రాత్రి, విలియమ్ సిమన్స్ అనే మాజీ బోధకుడు కొద్దిమందిని స్టోన్ మౌంటెన్ కొండ మీదికి తీసుకెళ్లి శిలువ తగలబెట్టి కొత్త క్లాన్ ప్రకటించాడు. ఐదేళ్లు గడిచినా సభ్యులు కొన్ని వేలకు మించలేదు.

1920 జూన్‌లో అతను ఎడ్వర్డ్ క్లార్క్, ఎలిజబెత్ టైలర్ అనే ఇద్దరు ప్రచార వ్యాపారులతో ఒప్పందం చేసుకున్నాడు. అసలు కథ అక్కడ మొదలైంది. చేరే రుసుము 10 డాలర్లు. అందులో చేర్పించిన ఏజెంటుకు 4 డాలర్లు, అతని పై రాష్ట్ర అధికారికి 1 డాలరు, ఆ పైవాడికి 50 సెంట్లు, క్లార్క్, టైలర్ ప్రచార విభాగానికి రెండున్నర డాలర్లు, మిగిలిన 2 డాలర్లు అట్లాంటా కేంద్రానికి. అంగీ, టోపీ విడిగా ఆరున్నర డాలర్లు, బయట కుట్టించుకోకూడదు. మన దగ్గర గొలుసుకట్టు స్కీములు చూసినవాళ్లకు ఈ లెక్క కొత్తగా అనిపించదు.

ఏజెంటు ఊళ్లో దిగగానే ముందు ప్రొటెస్టెంటు పాస్టరును కలిసేవాడు, చాలాచోట్ల ఆయనకు సభ్యత్వం ఉచితం. తర్వాత ఊరివాళ్ల గుబులేమిటో ఆరా తీసేవాడు. ఒకచోట కాథలిక్కులు, ఒకచోట యూదులు, పసిఫిక్ తీరంలో జపనీయులు, మరోచోట దొంగసారా. శత్రువు ఎవరన్నది ఊరిని బట్టి మారేది. నల్లజాతీయుల మీద ద్వేషం అన్నిచోట్లా ఉండనే ఉంది, కానీ నల్లజాతి జనాభా స్వల్పంగా ఉన్న ఒరెగాన్‌లోనూ ఈ క్లాన్ పెరగడానికి కారణం ఈ సర్దుబాటే. అక్కడ 1922లో కాథలిక్ బడులను మూయించే చట్టం ఓటింగులో నెగ్గింది. 1925లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

1921 సెప్టెంబరులో ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక మూడు వారాల పాటు రోజూ క్లాన్ గుట్టు బయటపెట్టింది. కాంగ్రెస్ విచారణ జరిపింది. ఫలితం తారుమారైంది. ఉచిత ప్రచారం దొరికి సభ్యత్వం ఇంకా పెరిగింది. 1920ల మధ్యలో దేశం మొత్తం మీద సభ్యులు 20 లక్షల నుంచి 50 లక్షల దాకా అని వేర్వేరు అంచనాలున్నాయి.

పడిపోవడానికి దారి ఇండియానాలో తెరుచుకుంది. ఆ రాష్ట్రంలో సభ్యులు రెండున్నర లక్షల దాకా ఉండేవారు, 1924లో గెలిచిన గవర్నర్ ఎడ్ జాక్సన్ వాళ్ల మనిషే. నాయకుడు డి.సి. స్టీఫెన్సన్ ఒక యువతిని అపహరించి అత్యాచారం చేశాడు, ఆమె చనిపోయింది. 1925 నవంబరులో హత్యా నేరం రుజువై జైలుకు వెళ్లాడు. గవర్నర్ క్షమాభిక్ష పెట్టకపోయేసరికి, ఎవరెవరికి డబ్బిచ్చాడో ఆ కాగితాలన్నీ బయటపెట్టాడు. మద్యం, వ్యభిచారం మీద పోరాటం పేరుతో సభ్యులను చేర్చుకున్న సంస్థకు ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. కాథలిక్కులను తిట్టి కట్టుకున్న అట్లాంటా ప్రధాన భవనం చివరికి కాథలిక్కుల చేతికే వెళ్లింది. ఆ స్థలంలో లేచిన కథీడ్రల్ ప్రతిష్ఠకు 1939లో క్లాన్ అధినేత హైరమ్ ఎవాన్స్ స్వయంగా హాజరయ్యాడు. 1944లో పన్నుల శాఖ 1920ల నాటి బకాయి కింద 6,85,000 డాలర్లు అడిగేసరికి సంస్థ తలుపులు మూసేసింది.

భారతీయులకు తగిలిన చోటు

ఈ రెండో క్లాన్ గట్టిగా కోరినవాటిలో వలసల కట్టడి ఒకటి. 1924 వలస చట్టాన్ని రాసింది క్లాన్ కాదు. అది లేకున్నా కాంగ్రెస్‌లో దానికి భారీ మద్దతే ఉంది. అయినా వీధుల్లో, ఎన్నికల్లో ఆ చట్టానికి ఊపు తెచ్చినవాళ్లలో క్లాన్ ముందుంది. భారతీయుల రాకను 1917 చట్టమే దాదాపు ఆపేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వ చట్టం చెప్పే ‘తెల్లవాళ్లు’ కాదని తేల్చింది. 1924 చట్టం పౌరసత్వానికి అర్హత లేనివాళ్లను వలసదారులుగా రానివ్వకూడదంది. 1946లో ఏడాదికి వందమందికి తలుపు తీసినా, అసలు దారి తెరిచింది 1965 చట్టమే. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికాలో పెద్ద సంఖ్యలో స్థిరపడటం ఆ తర్వాతి సంగతి.

మూడో విడత: డైనమైట్

1946లో స్టోన్ మౌంటెన్ మీదే మళ్లీ శిలువ మండింది. ఈసారి ఒకే సంస్థ ఏర్పడలేదు, ఒకదానితో ఒకటి పోటీ పడే గుంపులు పుట్టాయి. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చెప్పాక వాటికి బలం వచ్చింది. సభ్యులు 1920ల వాళ్లలో పదో వంతు కూడా లేరు. ప్రాణహాని మాత్రం తక్కువేం కాదు. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లోని 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. నిందితుల్లో మొదటివాడికి 1977లో, మరో ఇద్దరికి 2001, 2002లో శిక్ష పడింది.

1964 జూన్ 21న మిసిసిపీలోని నెషోబా కౌంటీలో జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకెల్ ష్వెర్నర్ అనే ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను డిప్యూటీ షెరీఫ్ సెసిల్ ప్రైస్ అరెస్టు చేసి, రాత్రి వదిలిపెట్టి, వెంటాడి పట్టుకుని క్లాన్ గుంపుకు అప్పగించాడు. అప్పట్లో రాష్ట్రం హత్య కేసు పెట్టలేదు. హత్య రాష్ట్రాల పరిధిలోని నేరం కాబట్టి కేంద్రం హత్య కేసు పెట్టలేదు. అప్పుడు అక్కరకొచ్చింది 1870 అమలు చట్టంలో మిగిలిన ఒక ముక్క: పౌరుల హక్కులకు భంగం కలిగించే కుట్ర. దాని కింద 1967లో 18 మందిలో ఏడుగురికి శిక్ష పడింది. గ్రాంట్ నాటి చట్టం దాదాపు వందేళ్ల తర్వాత మళ్లీ పనికొచ్చింది.

1964 నుంచి ఎఫ్‌బీఐ క్లాన్ గుంపుల్లోకి పెద్ద ఎత్తున వేగులను దింపింది. సభ్యులకు ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయింది. ఈ పద్ధతికి మరో ముఖమూ ఉంది. 1965 మార్చిలో అలబామాలో వయోలా లియుజో అనే కార్యకర్తను కాల్చి చంపిన కారులో ఎఫ్‌బీఐ వేగు కూడా కూర్చుని ఉన్నాడు.

కోర్టులో ఆస్తి పోగొట్టుకోవడం

క్రిమినల్ కేసులో వ్యక్తి జైలుకు వెళ్తాడు, సంస్థ మిగులుతుంది. ఈ లోటును సివిల్ దావా పూడ్చింది. 1981 మార్చిలో అలబామాలోని మొబీల్‌లో మైకెల్ డొనాల్డ్ అనే 19 ఏళ్ల నల్లజాతి యువకుడిని యునైటెడ్ క్లాన్స్ సభ్యులు చంపి చెట్టుకు వేలాడదీశారు. హంతకుల శిక్షతో ఆగకుండా అతని తల్లి సంస్థ మీదే దావా వేసింది. సభ్యుల చర్యకు సంస్థ విధానమే కారణమని 1987లో జ్యూరీ ఒప్పుకుని 70 లక్షల డాలర్ల పరిహారం చెప్పింది. అంత డబ్బు సంస్థ దగ్గర లేదు. టస్కలూసాలోని ప్రధాన కార్యాలయ భవనం ఆమెకు రాసివ్వాల్సి వచ్చింది. ఒకప్పుడు దేశంలోకెల్లా పెద్ద క్లాన్ అంతటితో ముగిసింది.

నిషేధం ఎందుకు లేదు?

అమెరికాలో సభ్యత్వం నేరం కాదు, చేసిన పని నేరం. 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఒహాయోకు చెందిన ఒక క్లాన్ నాయకుడి శిక్షను కొట్టేస్తూ గీత గీసింది: వెంటనే హింసకు పురిగొల్పే ఉద్దేశంతో, అలా జరిగే అవకాశం ఉన్న మాటలనే శిక్షించవచ్చు. 2003లో వర్జీనియా కేసులో, ఎవరినైనా బెదిరించడానికి శిలువ తగలబెడితే నేరంగా చూడొచ్చంది. జార్జియా 1951లో చేసినట్టు చాలా రాష్ట్రాలు బహిరంగ ప్రదేశాల్లో ముసుగులను నిషేధించాయి. 1871 చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1983 నేటికీ అధికారుల మీద పౌరహక్కుల దావాలకు ప్రధాన ఆధారం. పోలీసు దౌర్జన్యం కేసుల్లో తరచూ వినిపించే సెక్షన్ అదే.

ఇప్పుడు క్లాన్ పేరుతో ఉన్నవి చిన్నాచితకా గుంపులు, అన్నీ కలిపినా సభ్యులు కొన్ని వేలు. భావజాలం మాత్రం ఆ మేరకు తగ్గలేదు. సంస్థను కోర్టుకీడ్చి ఆస్తి లాక్కునే పద్ధతి పైకొచ్చాక, 1980ల నుంచే క్లాన్ మాజీ నేత లూయిస్ బీమ్ వంటివాళ్లు నాయకుడూ పట్టికా లేని విడి దాడులను ప్రచారం చేశారు. 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిదిమందిని చంపిన యువకుడు ద్వేషాన్ని నేర్చుకున్నది ఇంటర్నెట్‌లో. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథేలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరును కాల్చి చంపిన కేసులోనూ ముద్దాయి ఒక్కడే. ఇలాంటి కేసుల్లో మొబీల్ దావా పనికిరాదు, ఎందుకంటే రాయించుకోవడానికి కార్యాలయ భవనమే ఉండదు.